నిద్రమాత్ర వేరు, వైద్యం వేరు

(వార్షిక దాతల సమావేశంలో వైద్య సహాయ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మా కమిటీ మైకు పట్టుకుందంటే డయాలసిస్ ఖర్చు గురించో, కంటి ఆపరేషన్ల గురించో, స్టెంటు వేయించుకున్నవారి గురించో చెబుతుందని మీరు అనుకుంటారు. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరేచోట ఉన్నాయి. ఈసారి మేము తెచ్చినది చిన్న బిల్లుల సంగతి. వంద, నూట యాభై, రెండు వందలు. సాయం కోసం నెలనెలా వచ్చే అర్జీలకు జతచేసిన మందుల బిల్లుల్లో అల్ప్రజోలం, క్లోనజెపం, జోల్పిడెం అనే పేర్లు మాటిమాటికీ కనిపిస్తుంటాయి. చాలావాటికి డాక్టర్ రాసిన చీటీ ఉండదు. ఉన్నా అది రెండు మూడేళ్ల కిందటిది. "గాబరాకి", "నిద్రకి", "టెన్షన్‌కి" అని అర్జీలో ఒక్క ముక్క రాసి ఉంటుంది, అంతే.

ఇలాంటి అర్జీ ముందుకొచ్చినప్పుడు మనలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. "పోనీలే, చిన్న మొత్తమే కదా, ఇచ్చేద్దాం" అనేది ఒకటి. "దిగులుకి కూడా మందులా, దానికి మన సదఖా సొమ్మా" అనేది రెండోది. ఈ రెండు మాటలూ రోగికి మేలు చేసేవి కావని మేము గట్టిగా అనుకుంటున్నాం. ఎందుకో చెప్పడానికే ఈ కాస్త సమయం అడిగి తీసుకున్నాం.

ముందే ఒక మనవి. మాలో మానసిక వైద్యులెవరూ లేరు. మందుల షాపు నడిపినవారు, నర్సుగా చేసి రిటైరైనవారు, ఆసుపత్రి బిల్లులు చదవడం అలవాటైనవారు ఉన్నాం. ఇక్కడ చెప్పేవి వైద్యులు సాధారణంగా ఒప్పుకునే సంగతులే. అయినా ఇది విని ఎవరూ సొంతంగా మందు మార్చుకోకండి, మరీ ముఖ్యంగా ఉన్నపళంగా మానేయకండి. ఆ మాట ఎందుకు అంటున్నామో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మన ఇళ్లలో "ఘబ్రాహట్" అని ఒక మాట ఉంది. తెలుగులో గాబరా, గుండెదడ, గుబులు అంటాం. అన్నిటినీ ఒకే మాటతో అనేస్తాం గానీ డాక్టర్లు దీన్ని విడదీసి చూస్తారు. ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందనట్టు ఉంటుంది, ఒళ్లంతా చెమట, చేతులు తిమ్మిరి, ఇక ప్రాణం పోతోందన్న భయం. పది నిమిషాల్లో పతాకస్థాయికి చేరి, అరగంటలో మెల్లగా దిగిపోతుంది. అది పానిక్ ఎటాక్. ఇది మళ్లీ మళ్లీ రావడం, మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న భయంతో బజారుకి, బస్సుకి, పెళ్లికి వెళ్లడం మానుకోవడం మొదలైతే అది పానిక్ డిజార్డర్. అలా ఒక్కసారిగా కాకుండా, పిల్లల చదువు, అప్పు, గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోను ఒక పూట రాకపోవడం, ఇలా ప్రతిదానికీ మనసు నెలల తరబడి ఉడుకుతూనే ఉంటే అది ఇంకో రకం ఆందోళన. నిద్ర పట్టకపోవడం ఈ రెండిటికీ తోడుగా రావచ్చు, విడిగానూ రావచ్చు.

మా దగ్గరికి వచ్చే అర్జీదారుల కథలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. బట్టలు కుట్టి ఇల్లు నడిపే ఒక చెల్లెలు అనుకోండి. రాత్రి పదకొండింటికి గుండె పట్టేసినట్టయి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఈసీజీ తీస్తారు, బాగానే ఉంది అంటారు. నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. ఈసారి ఇంకో ఆసుపత్రి, టూడీ ఎకో, రక్తపరీక్షలు. మూడోసారి పట్నంలో పెద్ద ఆసుపత్రి. చెవి కమ్మలు తాకట్టులోకి పోతాయి. చివరికి "ఏమీ లేదమ్మా, టెన్షన్ అంతే" అని ఒక మాత్ర రాసి పంపిస్తారు. ఆ మాత్ర వేసుకున్న అరగంటకి ఒళ్లు తేలికపడుతుంది, ఎన్నాళ్లకో నిద్ర పడుతుంది. పది రోజులకి రాసిన మాత్ర. అయిపోయాక షాపుకెళ్లి ఖాళీ షీటు చూపిస్తే మళ్లీ ఇస్తారు. అలా నాలుగేళ్లు.

"ఏమీ లేదు" అన్న ఆ మాట చాలా నష్టం చేస్తుంది. గుండెలో ఏమీ లేదు అన్నది నిజం. ఆ మనిషికి ఏమీ లేదు అన్నది నిజం కాదు. దొంగ వచ్చినప్పుడు మొరగాల్సిన కుక్క ఎవరూ లేకపోయినా అర్ధరాత్రి మొరుగుతుంటే కుక్కకి ఏమీ లేదంటామా? ప్రమాదం వస్తే శరీరాన్ని సిద్ధం చేయడానికి అల్లాహ్ మనలో పెట్టిన హెచ్చరిక ఏర్పాటు ఇక్కడ వేళాపాళా లేకుండా మోగుతోంది. ఆ దడ నిజం, ఆ చెమట నిజం, నటన కాదు. అయితే పరీక్షలు వృథా అని మేము అనడం లేదు. నలభై దాటినవారికి, షుగరు బీపీ ఉన్నవారికి ఛాతీలో నొప్పి వస్తే ముందు గుండెనే చూడాలి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, ఉబ్బసం ఉన్నా ఇలాంటి దడే వస్తుంది. అవి ఒకసారి సరిగ్గా చూసి లేవని తేలాక, అదే ఎకో మళ్లీ మళ్లీ తీయించడం మాత్రం పేదవాడి డబ్బు నీళ్లపాలు చేయడమే.

ఇక మందుల సంగతి. పేర్లు ఎన్ని ఉన్నా మన అవసరానికి రెండు కుటుంబాలు గుర్తుంచుకుంటే చాలు. వెంటనే పనిచేసేవి, ఆలస్యంగా పనిచేసేవి.

వెంటనే పనిచేసే కుటుంబం పేరు బెంజోడయజెపీన్లు. అల్ప్రజోలం, క్లోనజెపం, లోరజెపం, డయజెపం దీని సభ్యులు. షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు కంపెనీని బట్టి మారుతుంది. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చూసుకోవాలి. చివర "జెపం", "జోలం" అని వస్తే చాలావరకు ఈ కుటుంబమే. ఈ కుటుంబంలో మొదటి మందు 1960లో అమ్మకానికి వచ్చింది, డయజెపం 1963లో. అంతకుముందు నిద్రకి వాడిన బార్బిట్యూరేట్లు మోతాదు కొంచెం మించితే ప్రాణం తీసేవి. వాటితో పోలిస్తే ఇవి ఎంతో నయం కాబట్టి లోకమంతా చేతులు చాచి తీసుకుంది. కాబట్టి ఇవి చెడ్డ మందులని మేము అనం. ఫిట్స్ ఆగనప్పుడు ప్రాణం కాపాడేవి ఇవే. పానిక్ మరీ తీవ్రంగా ఉన్నప్పుడు అసలు వైద్యం పట్టు దొరికే దాకా రెండు మూడు వారాలు ఊతకర్రగా డాక్టర్లు రాసేదీ ఇవే. మెదడులో సహజంగా ఉండే ఒక బ్రేకుని గట్టిగా నొక్కుతాయి, అందుకే అరగంటలో నెమ్మది.

చిక్కంతా నాలుగు వారాలు దాటాక మొదలవుతుంది. రోజూ బయటి నుంచి ఎవరో బ్రేకు నొక్కుతుంటే మెదడు తన బ్రేకుని వదులు చేసుకుంటుంది. మొదట సగం మాత్రతో వచ్చిన నిద్ర తర్వాత ఒక మాత్రకి గానీ రాదు. అల్ప్రజోలం లాంటిది కొన్ని గంటల్లోనే రక్తంలో తగ్గిపోతుంది. తగ్గినప్పుడల్లా దడ మునుపటికంటే ఎక్కువగా తిరిగొస్తుంది. రోగి దాన్ని జబ్బు ముదరడం అనుకుని ఇంకో మాత్ర వేసుకుంటాడు. నిజానికి అది మాత్ర దిగిపోతున్నందువల్ల వచ్చే దడ. మేము ఈ ప్రసంగమంతటిలో మీకు గుర్తుండాలని కోరేది ఈ ఒక్క ముక్కే. జబ్బుకి వేసిన మాత్రే జబ్బులా కనిపించడం మొదలుపెడుతుంది, దాన్ని తగ్గించడానికి అదే మాత్ర కావాల్సి వస్తుంది.

ఏళ్ల తరబడి వాడిన మనిషి ఒక్కసారిగా మానేస్తే నిద్ర పోవడం, చేతులు వణకడం మాత్రమే కాదు, ఫిట్స్ రావచ్చు, మతిస్థిమితం తప్పవచ్చు. ఇది మన తెలంగాణ వాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. కల్తీ కల్లులో కలిపే పదార్థాల్లో క్లోరల్ హైడ్రేట్‌తో పాటు డయజెపం, అల్ప్రజోలం ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క వణుకుతూ, పలవరిస్తూ, ఫిట్స్‌తో ఎంతోమంది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి చేరిన సంగతి పత్రికల్లో చదివాం. కల్లు ముట్టనివారి ఇళ్లలో అదే పదార్థం మాత్ర రూపంలో దిండు కింద ఉంటుందంటే నమ్మడం కష్టమే. మందు ఒకటే. అందుకే తగ్గించాలనుకుంటే డాక్టర్ పర్యవేక్షణలో, వారాలు నెలలు తీసుకుని, కొంచెం కొంచెంగా. "ఇవాళ్టి నుంచి బంద్" అని ఇంట్లో కొడుకులు అమ్మీ చేతిలోంచి షీటు లాక్కోవడం ప్రేమే కావచ్చు, కానీ ప్రమాదం.

పెద్దవయసు వారి విషయంలో ఇంకా జాగ్రత్త. తెల్లవారుజామున వుజూకి లేచిన దాదీ, నానీ బాత్రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారంటే, రాత్రి ఏ మాత్ర వేసుకున్నారని ఒకసారి అడగండి. మతిమరుపు, తూలడం కూడా వయసు వల్లే అనుకుంటాం. అన్నిసార్లూ కాదు. ఆటో, లారీ నడిపేవారికి పొద్దుటి మత్తు ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. మద్యంతో గానీ, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలతో గానీ ఇవి కలిస్తే ఊపిరి మందగిస్తుంది. మోకాళ్ల నొప్పికి ఒక డాక్టరు, నిద్రకి ఇంకో డాక్టరు ఉన్నవారు రెండు చీటీలూ ఇద్దరికీ చూపించాలి.

షాపులో ఇవి ఇంత సులువుగా ఎలా దొరుకుతాయి అని మీరు అడగవచ్చు. దొరకకూడదు. అల్ప్రజోలం, డయజెపం, జోల్పిడెం షెడ్యూల్ హెచ్-1 అనే జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. షీటు మీద ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది. షాపువాళ్లు డాక్టర్ పేరు, రోగి పేరు, ఇచ్చిన మాత్రల లెక్క వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. మన దాతల్లో మందుల వ్యాపారం చేసేవారు ఉన్నారు. వారిని నొప్పించాలని కాదు. చీటీ లేకుండా ఇవ్వనని చెప్పే షాపు యజమాని ఈ జబ్బు విషయంలో సగం డాక్టరుతో సమానం.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి, కానీ అవసరమైనది. ఉమ్రాకి వెళ్లేవారు, గల్ఫ్‌లో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఈ షీట్లు సంచిలో వేసుకుని పోతుంటారు. యూఏఈ, సౌదీ వంటి దేశాల్లో ఈ మందులు నియంత్రణలో ఉన్నవి. డాక్టర్ చీటీతో పాటు ఆ దేశం ఆరోగ్య అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి. పక్కింటివారి షీటు "మా అబ్బాయికి ఇవ్వండి" అని ఇస్తే అస్సలు పట్టుకెళ్లకండి. ప్రయాణానికి రెండు నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవడం మంచిది.

ఇప్పుడు ఆలస్యంగా పనిచేసే కుటుంబం. పానిక్‌కి, దీర్ఘకాలపు ఆందోళనకి ఈ రోజు డాక్టర్లు మొదట ఎంచుకునే మందులు ఇవే. సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్, పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్. వీటిని ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అంటారు. వీటికి దగ్గరి చుట్టం వెన్లాఫాక్సిన్. ఇవి డిప్రెషన్ మందులుగా పేరు పడ్డాయి కాబట్టి ఇంటర్నెట్‌లో చూసి "మా చెల్లికి డిప్రెషన్ లేదు, ఎందుకు రాశారు" అని అడుగుతారు. మోగుతున్న ఆ హెచ్చరిక గంట చప్పుడు మీద చెయ్యి వేయడం కాదు, గంట మోగే తీరునే మెల్లగా సరిదిద్దడం వీటి పని.

ఓపిక కావాలి. రెండు నుంచి ఆరు వారాల దాకా పెద్దగా గుణం కనిపించదు. పైగా మొదటి వారం పది రోజులు వికారం, కడుపులో తిప్పడం, తలనొప్పి, కొందరికి దడ ఇంకాస్త పెరగడం ఉంటుంది. పానిక్ ఉన్నవారికి డాక్టర్లు చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టేది అందుకే. మన రోగుల్లో ఎక్కువమంది సరిగ్గా ఈ పది రోజుల్లోనే మానేస్తారు. "ఈ మందు పడలేదు, ఆ పాత మాత్రే నయం" అంటారు. వాళ్లని తప్పుపట్టలేం. ఒకటి అరగంటలో నిద్రపుచ్చింది, ఇంకొకటి వారం రోజులు వాంతి వచ్చేలా చేసింది. రెండిటి మధ్య తేడా చెప్పేవారు లేకపోతే ఎవరైనా మొదటిదే ఎంచుకుంటారు. చెప్పే మనిషి ఒకరు పక్కన ఉంటే ఆ పది రోజులు గడిచిపోతాయి.

గుణం కనిపించాక కూడా ఆపకూడదు. కనీసం ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడమంటారు, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఆపేటప్పుడు ఇవీ మెల్లగానే తగ్గించాలి, లేకపోతే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం ఉంటాయి. ఇబ్బందులు లేవని కాదు. దాంపత్య సుఖం తగ్గడం చాలామందికి ఉంటుంది, సిగ్గుపడి చెప్పరు, చెప్పకుండా మందు మానేస్తారు. చెబితే డాక్టర్ మోతాదో, మందో మారుస్తారు. పాతికేళ్ల లోపు వారికి మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి ఇంట్లోవారు కనిపెట్టి ఉండాలి. కడుపులో పుండు ఉన్నవారు, నొప్పి మాత్రలు తరచూ వాడేవారు, గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి.

మిగతా మందులు తొందరగా చెప్పుకుందాం. ప్రొప్రనలాల్ గుండెదడని, చేతుల వణుకుని తగ్గిస్తుంది, ఇంటర్వ్యూ ముందు పనికొస్తుంది. ఉబ్బసం ఉన్నవారు దాన్ని ముట్టకూడదు. హైడ్రాక్సిజిన్ అలెర్జీ మందుల జాతిది, కాస్త మత్తు. నిద్రకి వాడే జోల్పిడెం బెంజోడయజెపీన్ కాకపోయినా దాని తమ్ముడి లాంటిదే, అలవాటవుతుంది. అది ఆడవారి ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందని తేలి 2013లో అమెరికాలో ఆడవారి మోతాదుని సగానికి, అంటే 5 మిల్లీగ్రాములకు తగ్గించారు. నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం వంటివి జరుగుతున్నాయని 2019లో అక్కడే గట్టి హెచ్చరిక చేర్చారు. నిద్ర కోసం దగ్గు మందు, అలెర్జీ మాత్ర వేసుకోవడం మన ఊళ్లలో మామూలే, పెద్దవారికి అది మంచిది కాదు. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవారికి నిద్రమాత్ర ఇవ్వడం మరీ ప్రమాదం, వారు చూపించుకోవాల్సింది గురకకి.

దీర్ఘకాలపు నిద్రలేమికి వైద్యశాస్త్రం మొదట చెప్పేది అసలు మాత్రే కాదు. రోజూ ఒకే వేళకి లేవడం, పక్క మీద ఫోను, లెక్కలు, పోట్లాటలు పెట్టుకోకపోవడం, ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి వేరేచోట కూర్చుని కళ్లు మూతపడ్డాకే తిరిగి రావడం, పగటి కునుకు తగ్గించడం. కౌన్సెలర్ దగ్గర కొన్ని వారాలు ఇది పద్ధతిగా నేర్చుకోవాలి. పానిక్‌కి కూడా ఇలాంటి మాటల వైద్యం ఉంది, మందుతో సమానంగా పనిచేస్తుంది. మన జిల్లాల్లో ఆ శిక్షణ ఉన్నవారు దొరకడమే కష్టం, అందుకే భారమంతా మాత్రల మీద పడుతోంది. ఇక చాయ్ గురించి చెబితే మీకు కోపం రావచ్చు. సాయంత్రం తర్వాత నాలుగు కప్పుల ఇరానీ చాయ్ తాగి నిద్ర రాలేదనడం న్యాయం కాదు.

కొందరు అడిగే ఇంకో ప్రశ్నకి వద్దాం. ఇవి నషా కాదా, ఈమాన్ గట్టిగా ఉన్నవాడికి ఈ జబ్బెందుకు వస్తుంది అని. మసాయిల్ చెప్పడం ఉలమా పని, మాది కాదు. మేము చూస్తున్నది మాత్రం చెబుతాం. నషా అన్న భయంతో జనం మానేస్తున్నది సెర్ట్రాలిన్ వంటివి. అవి మత్తు ఎక్కించవు, మోతాదు పెంచమని ఒళ్లు అడగదు. ఏ సందేహమూ లేకుండా ఏళ్ల తరబడి మింగుతున్నది అలవాటు పడే మాత్రని. భయం ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది. ఇక మనసు జబ్బుని ఈమాన్‌తో ముడిపెట్టడం మన పెద్దలు నేర్పినది కాదు. బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ 934లో మరణించారు. ఆయన రాసిన మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్ అనే గ్రంథంలో ఒక భాగం శరీర ఆరోగ్యానికి, ఒక భాగం మనసు ఆరోగ్యానికి కేటాయించారు. కోపం, దుఃఖం, భయం, వస్‌వసా, వీటికి ఉపాయాలు వైద్యుడిలాగే రాశారు. దువా చేసుకోండి, దమ్ చేయించుకోండి, డాక్టర్ దగ్గరికీ వెళ్లండి. షుగరుకి అలాగే చేస్తున్నాం కదా.

రంజాన్‌లో రోజా కోసం మందు నెల పాటు ఆపేసేవారు ఉన్నారు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు ఎక్కువగా రోజుకి ఒక్క మాత్రే. ఇఫ్తార్ తర్వాతో సహరీలోనో వేసుకునేలా డాక్టర్ మార్చి రాస్తారు, షాబాన్‌లోనే వెళ్లి అడగాలి. రోగికి రోజా విషయంలో ఉన్న వెసులుబాటు మనసు రోగికీ వర్తిస్తుందా అన్న సందేహం ఉంటే ఆలింని, డాక్టర్‌ని ఇద్దరినీ అడిగి నిర్ణయించుకోవాలి.

ఇక మీతో పని ఉన్న భాగం. 2015-16లో నిమ్‌హాన్స్ వారు పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో వందకి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. వారిలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదు. మన సాయం ఆపరేషన్ల మీద, అంటే ఒక్కసారి ఇచ్చి ముగించే ఖర్చు మీద ఆధారపడి నడుస్తోంది. ఈ జబ్బు అలాంటిది కాదు. మందు ఖరీదు తక్కువే, జనరిక్ షాపులో నెల మాత్రలకి అయ్యే ఖర్చు ఒక కుటుంబం ఒక పూట బిర్యానీ తినే ఖర్చు కన్నా తక్కువ. కానీ ఏడాది పాటు ఒక్క నెల తప్పకూడదు. మూడో నెలలో డబ్బు ఆగితే మొదటి రెండు నెలలు ఇచ్చినదీ వృథా. అలా ఆగినప్పుడే మనిషి మళ్లీ ఖాళీ షీటు పట్టుకుని షాపుకి పోతాడు.

కాబట్టి మేము అడుగుతున్నది పెద్ద మొత్తం కాదు, పన్నెండు నెలల మాట. ఒక దాత ఒక రోగి. డాక్టర్ ఫీజు, నెలనెలా మందు, జిల్లా ఆసుపత్రికి రానుపోను బస్సు ఛార్జీ, ఆడవారైతే తోడు వచ్చే మనిషి ఛార్జీ కూడా. రోజు కూలీ మీద బతికేవారికి ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలీ పోతుంది, అదీ లెక్కలో వేయాలి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ మందులు ఉచితం, స్టాకు లేనప్పుడు మాత్రమే మన డబ్బు అవసరం. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రీపగలూ దొరుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు రాసిన కాగితం మసీదు నోటీసు బోర్డుల్లో, ఆడవారి వైపు కూడా, అంటించడానికి యువకులు ముందుకు రావాలని కోరుతున్నాం.

మా అర్జీ ఫారంలో ఈ ఏడాది నుంచి ఒక గడి కొత్తగా చేర్చాం. ఈ మందు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎన్నాళ్లకి రాశారు. ఆ గడి ఖాళీగా ఉన్నంత మాత్రాన అర్జీ తిప్పి పంపం. ముందు ఆ మనిషిని డాక్టర్‌కి చూపించే ఖర్చు ఇస్తాం, మా కమిటీ సోదరి ఒకరు వెంట వెళ్తారు. మందు బిల్లు సంగతి ఆ డాక్టర్ చీటీ వచ్చాక. పాత మాత్ర మెల్లగా తగ్గించాల్సి వస్తే ఆ నెలలకీ బిల్లు చెల్లిస్తాం. దాతకి రోగి పేరు చెప్పం, రోగికి దాత పేరు చెప్పం. పెళ్లి కావలసిన పిల్లల తల్లిదండ్రులు ఈ విషయంలో ఎంత భయపడతారో మాకు తెలుసు. పన్నెండు నెలల హామీ పత్రాలు బయట ఇఫ్తార్ బల్ల పక్కనే ఉన్నాయి. సంతకం పెట్టినవారు ఏ తేదీన డబ్బు పంపగలరో కూడా రాయండి, అదే తేదీకి మందు తెప్పిస్తాం.